ఎఫ్-1 వీసా, ఫ్రీలాన్స్ డబ్బు, అమెరికా పన్ను: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫిబ్రవరి వచ్చిందంటే, ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద అమెరికాలో చదువుకునేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో అవే ప్రశ్నలు మొదలవుతాయి. "అన్నా, టర్బోట్యాక్స్‌లో రిటర్ను చేసేశా, రిఫండ్ బాగా చూపిస్తోంది, పర్లేదా?" "ఫైవర్‌లో ఫ్రీలాన్స్ పనికి 900 డాలర్లు వచ్చాయి, చూపించాలా?" "ఎఫ్-1 వాళ్లకి ట్యాక్స్ ఉండదంట కదా?" విడివిడిగా జవాబులిచ్చి అలసిపోయి అన్నీ ఒకచోట రాస్తున్నాను. నేను సీపీఏని (లైసెన్సున్న అకౌంటెంటుని) కాను, లాయర్‌ని కాను. క్యాంపస్‌లో ఉచితంగా రిటర్నులు వేసిపెట్టే బల్ల దగ్గర కొన్ని సీజన్లు వాలంటీరుగా కూర్చున్నవాణ్ణి. ఇక్కడి అంకెలు 2025 ఆదాయానివి, అంటే 2026లో వేసే రిటర్నులవి.

ముందే ఒక మాట. మీ వీసా స్టేటస్ ఒకటి, పన్ను లెక్కలో మీ స్టేటస్ ఇంకొకటి, పని చేసే అనుమతి మూడోది. ఈ మూడింటినీ మూడు వేర్వేరు లెక్కలు నడిపిస్తాయి. వచ్చే గందరగోళంలో ముప్పాతిక భాగం ఒక లెక్కలోని జవాబును తీసుకెళ్లి ఇంకో లెక్కలో వేయడం వల్లనే.

నాది నాన్-ఇమిగ్రెంట్ వీసా. అంటే పన్నుకి కూడా ఎప్పటికీ నాన్‌రెసిడెంట్‌నే కదా?

కాదు. ఐఆర్‌ఎస్ (అమెరికా పన్ను శాఖ) మీ వీసా పేరు చూసి ఊరుకోదు, మీరు అమెరికాలో ఉన్న రోజులు లెక్కపెడుతుంది. ఈ ఏడాది కనీసం 31 రోజులు ఉండాలి. దానితోపాటు ఈ ఏడాది రోజులన్నీ, నిరుటి రోజుల్లో మూడో వంతు, ముందటేడాది రోజుల్లో ఆరో వంతు కలిపితే 183 దాటాలి లేదా సరిగ్గా 183 కావాలి. అలా అయితే మీరు పన్ను లెక్కలో రెసిడెంట్. గ్రీన్ కార్డుతో దీనికి సంబంధం లేదు.

ఎఫ్-1, జె-1 విద్యార్థులకు ఇక్కడే ఒక వెసులుబాటు ఉంది. మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు మీరున్న రోజుల్ని ఈ లెక్కలోకి తీసుకోరు. చట్టం మిమ్మల్ని "ఎగ్జెంప్ట్ ఇండివిడ్యువల్" అంటుంది. ఆ మాట విని "మనకి ట్యాక్స్ ఎగ్జెంప్షన్" అనుకున్నవాళ్లు ఎందరో. మినహాయింపు పన్ను నుంచి కాదు, రోజుల లెక్క నుంచి.

ఐదేళ్లంటే నేను దిగిన రోజు నుంచి ఐదేళ్లా?

కాదు, క్యాలెండర్ సంవత్సరాలు. ఇది చాలామందిని ముంచేది. ఒకమ్మాయి 2021 డిసెంబరు 28న విమానం దిగింది అనుకుందాం. ఆ నాలుగు రోజులకే 2021 అనే ఒక ఏడాది మొత్తం ఖర్చయిపోయింది. ఆమెకు మినహాయింపు ఉన్న సంవత్సరాలు 2021, 22, 23, 24, 25. అదే ఆమె జనవరి 2న వచ్చి ఉంటే 2026 కూడా కలిసేది. స్ప్రింగ్ ఇన్‌టేక్‌లో వచ్చేవాళ్లు టికెట్ బుక్ చేసేటప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పరు. చెప్పినా వెయ్యి రూపాయలు తక్కువకు దొరికే డిసెంబరు టికెట్టే కొంటాం, అది వేరే సంగతి.

2021 ఆగస్టులో వచ్చిన అబ్బాయి సంగతీ అంతే. 2026 జనవరి 1 నుంచి అతని రోజులు లెక్కలోకొస్తాయి. ఎక్కడికీ కదలకుండా అమెరికాలోనే ఉంటే జులై 2తో 183 నిండుతాయి. అప్పుడు అతను జులై నుంచి కాదు, వెనక్కి వెళ్లి జనవరి 1 నుంచే రెసిడెంట్ అవుతాడు.

మధ్యలో ఇండియా వెళ్లి రెండేళ్లుండి మళ్లీ ఎఫ్-1 మీద వస్తే లెక్క మొదటికొస్తుందా అని అడుగుతారు. రాదు. విద్యార్థిగా ఆ ఐదేళ్లు జీవితం మొత్తానికి. ఇక్కడే బీటెక్ చదివి తరవాత ఎంఎస్‌కి వచ్చినవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

నాకు ఆదాయమే లేదు. ఏమైనా పంపాలా?

ఫారం 8843 పంపాలి. పోయిన ఆగస్టులో వచ్చి ఇంకా పైసా సంపాదించనివాళ్లు కూడా. ఇది పన్ను రిటర్ను కాదు, "నా రోజుల్ని లెక్కపెట్టకండి" అని చెప్పే ప్రకటన. దీనికి సోషల్ సెక్యూరిటీ నంబరు అక్కర్లేదు. ఒక్కదాన్నే పంపుతుంటే ఆన్‌లైన్లో వెళ్లదు. ప్రింట్ తీసి, సంతకం చేసి, టెక్సాస్‌లోని ఆస్టిన్ చిరునామాకు పోస్టులో పంపాలి. గడువు జూన్ 15. పోస్టాఫీసు రసీదు ఫొటో తీసి దాచుకోండి.

ఎఫ్-1 మీద ఫ్రీలాన్స్ అసలు చేయొచ్చా?

అందరూ పన్ను గురించి అడుగుతారుగానీ ముందు అడగాల్సింది ఇది. చదువుకునే రోజుల్లో మామూలు జవాబు: చేయకూడదు. క్యాంపస్ లోపలి పని సెమిస్టరు జరుగుతున్నప్పుడు వారానికి 20 గంటల వరకే. సీపీటీ (చదువులో భాగంగా చేసే పనికి అనుమతి) ఒక ఫలానా యజమాని దగ్గర, ఫలానా తేదీల మధ్య పనికి ఇచ్చేది కాబట్టి ఇంట్లో కూర్చుని నలుగురు క్లయింట్లకు లోగోలు గీయడం అందులో ఇమడదు. ఫైవర్, అప్‌వర్క్, ఊబర్, డోర్‌డాష్, ట్యూషన్లు, డబ్బు తీసుకుని వేరేవాళ్ల అసైన్‌మెంట్లు చేయడం (ఇది యూనివర్సిటీ నుంచి కూడా గెంటించే పని), గ్యాస్ స్టేషన్లో క్యాష్ జాబ్, అన్నీ అనుమతి లేని పని కిందికే వస్తాయి. "యాప్ పని జాబ్ కాదు కదా" అనే వాదన ఇమిగ్రేషన్ ఆఫీసర్ ముందు నిలబడదు.

చదువయ్యాక వచ్చే మొదటి 12 నెలల ఓపీటీలో (చదివిన రంగంలో పని చేసే అనుమతి) మాత్రం తలుపు తెరుచుకుంటుంది. అప్పుడు సొంత వ్యాపారం, కాంట్రాక్టు మీద పని రెండింటికీ వీలుంది. అయితే ఆ పని మీరు చదివిన సబ్జెక్టుకు సంబంధించినదై ఉండాలి, వారానికి కనీసం 20 గంటలుండాలి. సొంత వ్యాపారమైతే పూర్తిస్థాయి పనిగా, ఆ ఊళ్లో అవసరమైన లైసెన్సులతో నడపాలి. కాంట్రాక్టులు, ఇన్వాయిస్‌లు, ఎవరికి ఎప్పటి నుంచి ఎప్పటివరకు చేశారో అన్నీ కాగితం మీద ఉండాలి, ఓపీటీ వివరాలు ఎక్కించే ఎస్‌ఈవీపీ పోర్టల్‌లో నమోదు చేయాలి. లేకపోతే ఆ రోజులు నిరుద్యోగం కింద పోతాయి. ఓపీటీలో దానికి ఉన్న గడువు మొత్తం 90 రోజులే. డేటా సైన్స్ చదివిన వ్యక్తి డేటా డాష్‌బోర్డులు చేసిపెడితే సరే, అదే మనిషి పెళ్లి ఫొటోలు తీస్తే కుదరదు.

ఆ తరవాత స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) చదివినవాళ్లకు వచ్చే 24 నెలల స్టెమ్ ఓపీటీలో తలుపు మళ్లీ మూసుకుంటుంది. అక్కడ ఐ-983 శిక్షణ పత్రం మీద యజమాని సంతకం కావాలి, యజమాని ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అనుమతి సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) ఉండాలి. మీ పత్రం మీద మీరే యజమానిగా సంతకం పెట్టుకోలేరు.

హైదరాబాద్ కంపెనీకి ఇక్కడి నుంచి రిమోట్‌గా చేస్తున్నాను. జీతం ఇండియా అకౌంట్లోనే పడుతుంది. ఇది అమెరికాకు సంబంధం లేనిదే కదా?

డబ్బు ఎక్కడ పడిందన్నది అసలు ప్రశ్నే కాదు. పని చేసినందుకు వచ్చే ఆదాయం ఏ దేశానిదో తేల్చేది ఒక్కటే: పని చేస్తున్నప్పుడు మీరు ఎక్కడ కూర్చున్నారు? టెక్సాస్‌లోని డెంటన్‌లో అపార్ట్‌మెంట్లో కూర్చుని మాదాపూర్ ఆఫీసుకు కోడ్ రాస్తే అది అమెరికాలో సంపాదించిన ఆదాయమే. క్లయింటు ఏ దేశంవాడైనా, రూపాయల్లో ఇచ్చినా అంతే. సెలవులకు ఇంటికెళ్లి విజయవాడలో కూర్చుని చేసిన పని మాత్రం, మీరు నాన్‌రెసిడెంట్ అయినంతకాలం, అమెరికా లెక్కలోకి రాదు. అందుకే ఏ రోజు ఎక్కడి నుంచి పని చేశారో రాసిపెట్టుకోవాలి.

ఇందులో ఒక మెలిక ఉంది, చాలామంది ట్యాక్స్ ఏజెంట్లకు కూడా తెలియదు. నాన్‌రెసిడెంట్‌గా ఉన్న ఎఫ్, జె విద్యార్థికి విదేశీ యజమాని ఇచ్చే జీతాన్ని అమెరికా పన్ను చట్టంలోని 872వ సెక్షన్ ఆదాయంలోంచి తీసేస్తుంది. అంటే హైదరాబాద్ కంపెనీలో మీరు నిజంగా ఉద్యోగి అయితే ఇక్కడ పన్ను పడకపోవచ్చు. కానీ చట్టంలో ఉన్నది "యజమాని" అన్న మాట. ఫ్రీలాన్సర్‌కు ఉండేది క్లయింటు. ఆ తేడా దగ్గర తెలిసిన సీపీఏని అడక్కుండా అడుగు వేయకండి.

పన్ను పడకపోయినంత మాత్రాన వీసాకు కూడా ఇబ్బంది లేదని కాదు. ఇమిగ్రేషన్ నిబంధనల్లో ఉద్యోగం అంటే అమెరికా లోపల చేసిన సేవ లేదా శ్రమ. కంపెనీ ఎక్కడుందన్నది ఆ నిర్వచనంలో లేదు. ముందు డీఎస్‌ఓని (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) అడగండి, జవాబు ఈమెయిల్లో తీసుకోండి.

అనుమతి లేకుండా ఇప్పటికే చేసేశాను. ఇప్పుడు పన్ను కడితే దొరికిపోతానా? కట్టకపోతే?

ఈ ప్రశ్న ఎప్పుడూ గొంతు తగ్గించి అడుగుతారు. జవాబు రెండు ముక్కలు. సంపాదించిన పని చట్టబద్ధమా కాదా అన్నది పన్నుకు అనవసరం, ఆదాయం ఆదాయమే, చూపించాల్సిందే. రెండోది, పన్ను కట్టినంత మాత్రాన చేసిన పని సక్రమం అయిపోదు. "ట్యాక్స్ కట్టేశా కాబట్టి సేఫ్" అనే మాట గ్రూపుల్లో ఎవరు పుట్టించారో గానీ అది అబద్ధం.

ఆదాయం దాస్తే ఒక తప్పు రెండవుతుంది. వీసా నిబంధన తప్పడం ఒకటి, తప్పుడు రిటర్ను మీద సంతకం పెట్టడం ఇంకొకటి. రేపు గ్రీన్ కార్డు దశలో పాత రిటర్నులు, ఉద్యోగ చరిత్ర అన్నీ బల్ల మీదికి వస్తాయి. ఈ పరిస్థితిలో ఉన్నవాళ్లు ముందు పని ఆపి, ఆ తరవాత ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక గంట మాట్లాడాలి. ట్యాక్స్ ఏజెంటు దగ్గరికి వెళ్లేది ఆ తరవాతే.

క్లయింటు డబ్ల్యూ-9 నింపమన్నాడు. నింపొచ్చా?

నాన్‌రెసిడెంట్ అయితే నింపకూడదు. డబ్ల్యూ-9 అనే పన్ను వివరాల ఫారం అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు, పన్ను లెక్కలో రెసిడెంట్ అయినవాళ్లకు. కింద సంతకం పెట్టేటప్పుడు "నేను యూఎస్ పర్సన్‌ని" అని ప్రమాణం చేస్తున్నారు.

సమస్య ఏమిటంటే చిన్న కంపెనీల అకౌంట్స్ విభాగానికి డబ్ల్యూ-9 తప్ప ఇంకోటి తెలియదు. అమెరికాలో కూర్చుని పని చేసే నాన్‌రెసిడెంట్ కాంట్రాక్టరుకు డబ్బిచ్చేటప్పుడు వాళ్లు మామూలుగా 30 శాతం పట్టుకుని, ఏడాది చివర ఇచ్చింది, పట్టుకుంది చూపే 1042-ఎస్ ఫారం ఇవ్వాలి. ఆ పట్టుకున్నది పోయినట్టు కాదు. రిటర్ను వేసినప్పుడు అసలు పన్ను తీసేసి మిగిలింది వెనక్కొస్తుంది. తెలియక ఇప్పటికే డబ్ల్యూ-9 ఇచ్చేసి, కాంట్రాక్టు ఆదాయం చూపే 1099-ఎన్‌ఈసీ చేతికొస్తే కంగారు పడకండి. ఆ ఫారం వచ్చినంత మాత్రాన మీరు రెసిడెంట్ అయిపోరు. ఆ ఆదాయాన్ని 1040-ఎన్‌ఆర్‌లో (నాన్‌రెసిడెంట్ల రిటర్ను ఫారం) షెడ్యూల్ సి (వ్యాపార లాభనష్టాల పత్రం) మీద చూపించండి, క్లయింటుకు సరైన సంగతి రాసి పంపండి.

600 డాలర్ల లోపైతే చూపించక్కర్లేదంట?

ఆ 600 క్లయింటు 1099 ఫారం ఇవ్వాల్సిన హద్దు, మీరు ఆదాయం చూపించాల్సిన హద్దు కాదు. 2026లో చేసే చెల్లింపులకు ఆ హద్దును 2,000 డాలర్లకు పెంచారు కూడా. ఇప్పుడు "రెండు వేలదాకా ఫ్రీ" అని కొత్త పుకారు మొదలవుతుంది చూడండి. ఫారం వచ్చినా రాకపోయినా, జెల్ లాంటి డబ్బు పంపే యాప్‌లో వచ్చినా, ఆదాయం మీదే.

ఫ్రీలాన్స్ మీద అసలు ఎంత పడుతుంది?

ఐదేళ్ల లెక్క ఎందుకంత ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది. ఓపీటీలో ఉన్న పెళ్లికాని ఇద్దరు స్నేహితులు, ఇద్దరికీ 2025లో కాంట్రాక్టుల మీద 30,000 డాలర్లు, ఖర్చులు 4,000, మిగిలింది 26,000 అనుకుందాం. ఒకరు నాన్‌రెసిడెంట్, ఇంకొకరికి ఐదేళ్లు దాటిపోయి రెసిడెంట్.

మామూలుగా నాన్‌రెసిడెంట్లకు స్టాండర్డ్ డిడక్షన్ ఉండదు. చైనా, కొరియా, నైజీరియా విద్యార్థులకు లేదు. మనకు ఉంది. భారత్-అమెరికా పన్ను ఒప్పందం 21వ అధికరణం రెండో భాగం భారతీయ విద్యార్థులకు అది ఇచ్చింది. 1989లో ఢిల్లీలో సంతకాలైన ఒప్పందం మన అద్దె గదుల్లో ఇవాళ్టికీ పని చేస్తోంది. 2025కి పెళ్లికానివాళ్లకు ఆ మొత్తం 15,750 డాలర్లు.

నాన్‌రెసిడెంట్ లెక్క: 26,000లో 15,750 పోగా 10,250. మొదటి శ్లాబు 10 శాతం కాబట్టి 1,025 డాలర్లు. అయిపోయింది.

రెసిడెంట్‌కు ఆదాయపు పన్నుతోపాటు సెల్ఫ్-ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ అని ఇంకోటి పడుతుంది. సోషల్ సెక్యూరిటీ (పెన్షన్), మెడికేర్ (వృద్ధుల వైద్యం) కలిపి 15.3 శాతం. నికర ఆదాయంలో 92.35 శాతం మీద లెక్కిస్తే సుమారు 3,674 డాలర్లు. అందులో సగాన్ని ఆదాయంలోంచి తీసుకోనిస్తారు కాబట్టి ఆదాయపు పన్ను కొంచెం తగ్గి 841 అవుతుంది. మొత్తం 4,515. ఒకే పని, ఒకే సంపాదన, తేడా దాదాపు మూడున్నర వేల డాలర్లు. వ్యాపార ఆదాయంపై ఉండే 20 శాతం డిడక్షన్‌ను నేనిక్కడ కలపలేదు. అది ఇద్దరికీ ఆదాయపు పన్నును ఇంకొంచెం తగ్గిస్తుంది, సెల్ఫ్-ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్‌ను తగ్గించదు.

సాఫ్ట్‌వేర్లలో 1099-ఎన్‌ఈసీ ఎక్కించగానే అది ఆ 15.3 శాతాన్ని తనంతట తానే వేసేస్తుంది. నాన్‌రెసిడెంట్లు అది పడకుండా చూసుకోవాలి.

ఖర్చుల కింద పనికి వాడిన సాఫ్ట్‌వేర్ చందాలు, ప్లాట్‌ఫాం కోసుకునే కమీషన్, పనికి వాడినంత మేరకు ల్యాప్‌టాప్, ఇంటర్నెట్ వస్తాయి. అద్దె మొత్తం, బిర్యానీ బిల్లులు రావు.

ఓపీటీ జీతంలోంచి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోసేశారు. కరెక్టేనా?

నాన్‌రెసిడెంట్ ఎఫ్-1 అయితే తప్పు. సీపీటీ, ఓపీటీ, స్టెమ్ ఓపీటీ అన్నిట్లోనూ ఈ 7.65 శాతం పడకూడదు. జీతం 80,000 అయితే ఏడాదికి 6,120 డాలర్లు. చిన్న మొత్తమేం కాదు. పేస్లిప్ మొదటి నెలలోనే చూడండి.

నాకూ ఇదే జరిగింది. నేను చేరిన ఒక చిన్న కన్సల్టెన్సీలో ఎనిమిది నెలలు కోశారు. హెచ్‌ఆర్ "అందరికీ కోస్తాం" అనేసింది. ముందు యజమానినే రాతపూర్వకంగా అడగాలి, వాళ్లు సరిచేసి వెనక్కిస్తే అదే దగ్గరి దారి. ఇవ్వనంటే ఫారం 843కి ఫారం 8316 జత చేసి, డబ్ల్యూ-2 (జీతం పత్రం), ఐ-94 (దేశంలోకి వచ్చిన నమోదు), ఈఏడీ (పని అనుమతి) కార్డు ప్రతులతో ఐఆర్‌ఎస్‌కు పంపాలి. నా డబ్బు వచ్చేసరికి నేను మూడు అపార్ట్‌మెంట్లు మారాను.

ఫ్రెండ్స్ అంతా టర్బోట్యాక్స్‌లో చేశారు, ఎడ్యుకేషన్ క్రెడిట్ కూడా వచ్చింది. నేనెందుకు చేయకూడదు?

ఎందుకంటే అది రెసిడెంట్ల ఫారం 1040 వేస్తుంది, మీది 1040-ఎన్‌ఆర్. ఆ 2,500 డాలర్ల వరకు వచ్చే ఎడ్యుకేషన్ క్రెడిట్ ఏడాది మొత్తం నాన్‌రెసిడెంట్‌గా ఉన్నవాళ్లకు లేదు. డబ్బు మాత్రం అకౌంట్లో పడుతుంది, ఎందుకంటే మీరు రెసిడెంట్ అని చెప్పిన మాటను కంప్యూటర్ నమ్మింది. తరవాత వడ్డీతో, పెనాల్టీతో వెనక్కి అడుగుతారు. యూనివర్సిటీలు చాలావరకు నాన్‌రెసిడెంట్ల రిటర్నుల సాఫ్ట్‌వేర్లయిన స్ప్రింట్యాక్స్ లేదా గ్లేసియర్ కోడ్ ఉచితంగా ఇస్తాయి. ఇంటర్నేషనల్ ఆఫీసు నుంచి వచ్చే మెయిళ్లు చదవకుండా తీసేసే అలవాటున్నవాళ్లు ఒకసారి వెతకండి.

"నీకు 4,000 రిఫండ్ తెప్పిస్తా, అందులో 20 శాతం నాకు" అనే ఏజెంట్లు కూడా గ్రూపుల్లో తిరుగుతుంటారు. రిటర్ను మీద సంతకం మీది. అతను ఏప్రిల్ తరవాత ఫోన్ ఎత్తడు.

ఎల్‌ఎల్‌సీ (ఒక రకం చిన్న కంపెనీ) పెట్టి దాని పేరు మీద సంపాదిస్తే?

కంపెనీకి యజమానిగా ఉండటం వేరు, అందులో పని చేయడం వేరు. వాటా ఉండొచ్చు, పనికి మాత్రం పైన చెప్పిన అనుమతే కావాలి. ఎల్‌ఎల్‌సీ అన్నది ఆ అనుమతి తెచ్చిపెట్టే తాయెత్తు కాదు.

పైగా నాన్‌రెసిడెంట్ ఒక్కరే యజమానిగా ఉన్న ఎల్‌ఎల్‌సీ, తనకూ యజమానికీ మధ్య డబ్బు కదిలిన ఏడాది ఫారం 5472 వేయాలి. బ్యాంకు ఖాతా తెరవడానికి మీరు వేసిన 100 డాలర్లు కూడా అందులోకే వస్తాయి. వేయకపోతే పెనాల్టీ 25,000 డాలర్ల నుంచి మొదలు. వయోమింగ్‌లోనో డెలావేర్‌లోనో ఆన్‌లైన్లో కంపెనీ తెరిచి మర్చిపోయినవాళ్లు ఉన్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

యూట్యూబ్ వ్లాగ్స్ మీద వచ్చేది?

"అమెరికాలో మా వీకెండ్ కిరాణా" వీడియోలు సరదాకి తీస్తే ఎవరికీ అభ్యంతరం లేదు. మానిటైజ్ చేశాక, బ్రాండ్ల దగ్గర డబ్బు తీసుకున్నాక అది పని. అమెరికాలో తీసి, ఇక్కడే ఎడిట్ చేస్తే అమెరికాలో చేసిన పని. ఛానెల్ అమ్మ పేరు మీద పెట్టి, డబ్బు ఇండియాలో తీసుకునే ఉపాయం చాలామందికి తడుతుంది. వీడియోలో ముఖం మీదే ఉంటుందని మర్చిపోతారు.

స్టాక్స్, బ్యాంకు వడ్డీ కూడా ఫ్రీలాన్స్ లాంటివేనా?

కాదు, అవి పెట్టుబడులు, వాటికి పని అనుమతి అక్కర్లేదు. పన్ను మాత్రం వింతగా ఉంటుంది. అమెరికా బ్యాంకులో సేవింగ్స్ వడ్డీ మీద నాన్‌రెసిడెంట్‌కు పన్ను లేదు. అమెరికా కంపెనీల డివిడెండ్ మీద ఒప్పందం ప్రకారం 25 శాతం. స్టాకులు అమ్మిన లాభం మీద, ఆ ఏడాది 183 రోజులు అమెరికాలో ఉంటే, ఏకంగా 30 శాతం, స్టాండర్డ్ డిడక్షన్ దానికి వర్తించదు. ఈ 183కి ఐదేళ్ల మినహాయింపు లేదు, నిజంగా ఉన్న రోజులే లెక్క. రాబిన్‌హుడ్ లాంటి స్టాక్ యాప్‌లో రోజూ కొని అమ్మేవాళ్లకు ఏప్రిల్లో ఇది పిడుగులా పడుతుంది.

అక్టోబరు 1న హెచ్-1బీ మొదలైంది. ఆ ఏడాదికి నేనెవరు?

ఐదేళ్ల లోపు ఎఫ్-1లో ఉండి మారినవాళ్లకు 2025లో లెక్కలోకొచ్చే రోజులు అక్టోబరు 1 నుంచి డిసెంబరు 31 దాకా, 92. అది 183 కాదు కాబట్టి 2025 మొత్తానికి నాన్‌రెసిడెంటే, 1040-ఎన్‌ఆర్ వేయాలి. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత మాత్రం హెచ్-1బీ మొదలైన రోజు నుంచి సరైనదే. పెళ్లయినవాళ్లకు, ముఖ్యంగా భార్యకో భర్తకో ఆదాయం లేనప్పుడు, "ఫస్ట్ ఇయర్ ఛాయిస్" అనే దారిలో ఇద్దరూ కలిసి రిటర్ను వేసి లాభపడే వీలుంది. దానికి మరుసటి ఏడాది రోజుల పరీక్ష నెగ్గేదాకా ఆగాలి, అందుకోసం ఎక్స్‌టెన్షన్ పెట్టుకోవాలి. ఇది మాత్రం డబ్బిచ్చి సీపీఏతో చేయించుకోదగ్గ పని.

రెసిడెంట్ అయ్యాక ఇండియాలో ఉన్నవి కూడా చెప్పాలా?

అన్నీ చెప్పాలి. రెసిడెంట్‌కు ప్రపంచంలో ఎక్కడ వచ్చినా ఆదాయమే. నాన్న మీ పేరు మీద వేసిన ఎఫ్‌డీ వడ్డీ, గుంటూరులో మీ పేరున్న ఫ్లాటు అద్దె, అన్నీ. ఇండియా ఖాతాల మొత్తం ఏడాదిలో ఏ ఒక్క రోజైనా కలిపి 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల నివేదిక) వేయాలి, ఐఆర్‌ఎస్‌కు కాదు, అమెరికా ఆర్థిక శాఖలోని ఫిన్‌సెన్‌కు, ఆన్‌లైన్లో. నాన్నతో జాయింట్‌గా ఉన్న ఖాతా కూడా లెక్కే, అందులో రూపాయి మీది కాకపోయినా. ఎడ్యుకేషన్ లోన్ కోసం చూపించిన డిపాజిట్లు చాలామందిని ఈ హద్దు దాటిస్తాయి. మన మ్యూచువల్ ఫండ్స్ అయితే ఫారం 8621 అనే తలనొప్పి. రెసిడెంట్ కాబోయే ముందటి డిసెంబరులోనే వాటి సంగతి ఆలోచించుకున్నవాళ్లు తెలివైనవాళ్లు.

ఇండియాలో కూడా రిటర్ను వేయాలా?

వచ్చిన మొదటి ఏడాది జాగ్రత్త. ఆగస్టు 10న విమానం ఎక్కితే ఏప్రిల్ 1 నుంచి అప్పటికే 132 రోజులు ఇండియాలో ఉన్నట్టు. అక్కడ 60 రోజులు, అంతకుముందు నాలుగేళ్లలో 365 రోజులు ఉంటే రెసిడెంట్ అవుతారు. ఉద్యోగం కోసం వెళ్లేవాళ్లకు ఆ 60 బదులు 182 ఉంటుందిగానీ మీరు వెళ్లింది చదువుకు. కాబట్టి మార్చి 31 దాకా అమెరికాలో సంపాదించింది కూడా ఇండియా రిటర్నులో చూపించాల్సి రావచ్చు. ఇక్కడ కట్టిన పన్నుకు అక్కడ క్రెడిట్ ఉంది. తరవాతి ఏళ్లలో ఎక్కువమందికి ఈ బాధ ఉండదు.

రాష్ట్ర పన్ను?

టెక్సాస్, ఫ్లోరిడా, వాషింగ్టన్‌లో జీతం మీద, ఫ్రీలాన్స్ మీద రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా భారత్-అమెరికా ఒప్పందాన్ని పట్టించుకోవు. పెన్సిల్వేనియాలో అసలు స్టాండర్డ్ డిడక్షనే లేదు, 3.07 శాతం. మధ్యలో రాష్ట్రం మారితే, రెండింట్లోనూ పన్ను ఉంటే, రెండు చోట్లా వేయాలి.

గడువులు?

జీతం ఉండి అందులోంచి పన్ను కోసి ఉంటే ఏప్రిల్ 15. ఫ్రీలాన్స్ మాత్రమే ఉన్న నాన్‌రెసిడెంట్‌కు జూన్ 15. ఏడాది చివర వెయ్యి డాలర్లకు పైగా కట్టాల్సి వస్తుందనుకుంటే ముందుగానే విడతలుగా కట్టాలి. ఫ్రీలాన్స్ మాత్రమే ఉన్న నాన్‌రెసిడెంట్లకు ఆ తేదీలు జూన్ 15, సెప్టెంబరు 15, మరుసటి జనవరి 15. ప్రతి చెక్కులోంచి పావు వంతు తీసి పక్క ఖాతాలో వేయండి. నాకు తెలిసినవాళ్లలో అలా చేసినవాళ్లు ఎవరూ ఏప్రిల్లో అప్పు అడగలేదు.

పోయినేడాది తప్పుగా 1040 వేశాను. ఇప్పుడేం చేయాలి?

1040-ఎక్స్ అనే సవరణ రిటర్ను వేసి, దానికి సరైన 1040-ఎన్‌ఆర్, ఫారం 8843 జత చేయండి. ఎక్కువ వచ్చిన రిఫండ్ వడ్డీతో కట్టేయండి. వాళ్లు నోటీసు పంపకముందే మీరే సరిదిద్దుకుంటే పని తేలిక. రావాల్సిన డబ్బే ఉంటే మామూలుగా మూడేళ్లలోపు అడగాలి. రాష్ట్ర రిటర్ను కూడా అలాగే సరిచేయాలి, దాన్ని అందరూ మర్చిపోతారు. పాత రిటర్నుల పీడీఎఫ్‌లు యూనివర్సిటీ ఈమెయిల్లో ఉంటే ఇవాళే దింపుకోండి, గ్రాడ్యుయేషన్ తరవాత ఆ మెయిల్ మూసేస్తారు.